గచ్చుకు రుచి చూసిన నాలుక

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి ఒక ఇంజనీరు పిల్ల వచ్చింది. కాళ్ళకు బూట్లు, భుజానికి సంచి, ముక్కు మీద సున్నపు మరక. ఆ మరక చూసే ఆమెను లోపలికి రమ్మన్నాను. లేకపోతే నేనంత తొందరగా ఎవరినీ గడప దాటనివ్వను. ఎల్లారెడ్డిలో ఈ మధ్య ఇన్సూరెన్సు వాళ్ళూ, షుగరు తగ్గించే పొడులు అమ్మేవాళ్ళూ మరీ ఎక్కువయ్యారు.

"అవ్వా, మీ అమ్మ అప్పట్ల దేవిడీల సున్నం పనికి పోయేదట గదా? హమాం గోడకు గచ్చు కలిపేటప్పుడు మీరు చూసిన్రా?" అని అడిగింది.

దేవిడీ అంటే మా చిన్నప్పటి ఊళ్ళో ఉన్న పాత జాగీర్దారు భవంతి. నాగిరెడ్డిపేట పోయే బస్సులో కూర్చుంటే ఇప్పటికీ దాని గుమ్మటం కనిపిస్తుంది. అది చేతులు మారి, ఇప్పుడెవరో దాన్ని పాత పద్ధతిలోనే బాగుచేయిస్తున్నారట. హమాం లోపలి తెల్లటి టైల్సు ఊడదీస్తే, మూలన జానెడు పాత గచ్చు, అదే పాతకాలపు సున్నం పూత, బయటపడిందట. ఆ ముక్కను పరీక్షకు పంపితే సున్నం ఎంతో, ఇటుక పొడి ఎంతో తేలిందట. బెల్లం, కరక్కాయ ఎంత వేశారో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారట.

"దానికి కొలత లేదమ్మా. నాలుక మీద వేసుకొని చూసేది," అన్నాను.

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. గబగబా ఫోను తీసి నా నోటి ముందు పెట్టింది. "ఎవరి నాలుక మీద అవ్వా?"

టీ పెడతానని వంటింట్లోకి లేచిపోయాను. నాకు టీ పెట్టాలని ఏమీ లేదు. ఆ ప్రశ్నను ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో. మా బాపు బొంబాయిలో ఉండేవాడు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు, మాకేం తెలుస్తుంది. ఇంట్లో అమ్మ, నేను, నాకన్నా మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు. అమ్మ పోచారం కాలువ కింద నాట్లకూ కోతలకూ పోయేది, ఆ పని లేనప్పుడు ఏ పని దొరికితే ఆ పనికి. ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక దేవిడీలో సున్నం పని దొరికింది. మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకొని పోయేది.

హమాం అనే మాట మా ఊళ్ళో అందరికీ తెలుసు గానీ లోపల చూసినవాళ్ళు తక్కువ. అది దేవిడీలో వాళ్ళు వేడినీళ్ళ స్నానం చేసే ఇల్లు. బయటినుంచి నాలుగు మొద్దు గోడలు, పైన బోర్లించిన కుండలాంటి గుమ్మటం. గుమ్మటానికి చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలు, వాటికి మందపాటి గాజుబిళ్ళలు. మధ్యాహ్నం పూట వాటిలోంచి వెలుతురు నేల మీద బిళ్ళలు బిళ్ళలుగా పడేది. తమ్ముడు వాటిని ఏరుకుందామని వంగి వంగి చూసేవాడు. గోడ అవతల తుమ్మకట్టెల పొయ్యి. ఆ పొగ, ఆ వేడి నేలకిందున్న డొల్లలో తిరిగి గోడల్లోకి ఎక్కేవి. నీళ్ళు కాగే రాగి గంగాళం గోడలోనే కూర్చుని ఉండేది. ఇంత వేడినీ, ఇంత తడినీ ఓర్చుకున్నది ఆ గోడల గచ్చే. లేత ఎరుపు రంగు. చెంప ఆనిస్తే కోడిగుడ్డు పెంకులా నున్నగా, చల్లగా తగిలేది.

ఆ వానలకు గుమ్మటం పక్కనుంచి కారి, ఒక గోడ గచ్చంతా ఉబ్బి ఊడింది. అక్కడ మొదలైంది తల్లీకొడుకుల పంచాయితీ.

దేవిడీ యజమానురాలు పెద్ద బేగంకు మోకాళ్ళ నొప్పులు. శుక్రవారం శుక్రవారం హమాంలో కూర్చుంటే తప్ప ఆమె వారమంతా నడవలేదు. ఆమెకు గచ్చే కావాలి. కొడుకు చిన్నసాబ్ హైదరాబాదులో ఎక్కడో తెల్ల టైల్సు చూసొచ్చాడు. సిమెంటు కొట్టి టైల్సు అతికిస్తే వారంలో పని అయిపోతుందని ఆయన, ఆ టైల్సు మీద జారి నడుం విరిగితే ఎవరు చూస్తారని ఈమె. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు ఆ ఒక్క గోడ గచ్చుతో చెయ్యాలి. నలభై రోజులు ఆరనిచ్చి పొయ్యి వెలిగించాలి. నిలిస్తే హమాం అంతా గచ్చే, దేవిడీలో మిగతా మరమ్మతులన్నీ కూడా గచ్చే. పొక్కితే అంతా సిమెంటు.

ఆ గోడ చెయ్యడానికి వచ్చినవాడే తాత. మా తాత కాదు, సాయబు తాత. గోరింటాకు పెట్టిన గడ్డం, మోకాళ్ళ మీదికి ఎగగట్టిన లుంగీ, దగ్గరికొస్తే అత్తరు వాసనా సున్నపు వాసనా కలిసి వచ్చేవి. పోచారం దిక్కు పల్లెనుంచి పొద్దున్నే నడిచి వచ్చేవాడు. వాళ్ళ నాన్న, వాళ్ళ తాత కట్టిన గోడలే ఈ దేవిడీవి. ఊళ్ళలోకి సిమెంటు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. రెండేళ్ళుగా తాపీ ముట్టలేదని అమ్మ చెప్పింది. ఆ గోడ నిలవకపోతే ఇక ఆ చుట్టుపక్కల ఆయన్ని గచ్చు పనికి పిలిచేవాడు ఉండడు. ఈ సంగతి అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ తెలుసు, నాకూ తెలుసు.

తాతకు సిమెంటంటే మంట. "సిమెంటంటే ఏంది బేటీ? ఒక్క పూటల గట్టిపడేది. ఒక్క పూటల దోస్తానా చేసెటోన్ని నమ్ముతమా?" అనేవాడు.

ఆయన సున్నం నిదానపుది. గుంటలో తడిపిన సున్నం వారాల తరబడి ఊరాలి. తరువాత గుండ్రటి రాతి తొట్టిలో పోస్తే, దున్నపోతు రాతి చక్రాన్ని లాగుతూ దాని చుట్టూ తిరిగేది. అది డంగు సున్నం. అమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ పాత ఇటుకలు దంచి జల్లించేవాళ్ళు. ఎర్రపొడి వాళ్ళ కనుబొమల మీద, పెదాల మీద, కొప్పుల్లో. మధ్యాహ్నం జొన్నరొట్టె మీద కారం రాసుకొని, పచ్చిపులుసు ముంచుకొని తినేవాళ్ళం. ఎంత కడుక్కున్నా అమ్మ చేతి ముద్ద సున్నం వాసన వేసేది. వేళ్ళ సందుల్లో సున్నం తిని పుళ్ళయితే పొద్దుగూకి నువ్వులనూనె రాసుకొని ఉఫ్ ఉఫ్ అని ఊదుకునేది. నన్నూ ఊదమనేది.

అన్నిటికంటే నాకు గుర్తున్నది గోలెం వాసన. హమాం వెనక నీడలో నడుముల్దాకా భూమిలో పాతిన మట్టి గోలెం. అందులో చితక్కొట్టిన కరక్కాయలు, మీద బెల్లం, నీళ్ళు. రోజులు గడిచేకొద్దీ అది పులిసి, తియ్యటి వగరు వాసన ఒకటి లేచేది. ఆ నీళ్ళతోనే సున్నం కలపాలి. బెల్లం కామారెడ్డి మార్కెట్టునుంచి గంపలో తెచ్చాడు తాత. పాత నల్లబెల్లం, తినేవాళ్ళు వద్దన్న బెల్లం. వద్దనడానికి వాళ్ళ ఇళ్ళల్లో మంచి బెల్లం ఉండి ఉంటుంది. మా ఇంట్లో అదీ లేదు, ఇదీ లేదు.

పని మొదలైన కొన్నాళ్ళకే రంజాన్ నెల వచ్చింది. తాత రోజా ఉన్నాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఉమ్మి కూడా మింగకుండా, ఎండలో సున్నం దగ్గర నిలబడి పని చేయించేవాడు. అక్కడే చిక్కొచ్చి పడింది. గోలెం నీళ్ళు తయారయ్యాయో లేదో ఆయన నాలుకతోనే చూడాలి. ముందు తీపి తగలాలి, వెనక వగరు రావాలి. తీపి చాలకపోతే బెల్లం వెయ్యాలి, వగరు చాలకపోతే ఇంకో రెండ్రోజులు ఆగాలి. ఆయన తండ్రి నేర్పింది అంతే.

"నాలుక మీద పెట్టుకొని ఉమ్మేస్తే రోజా పోదు, ఉస్తాద్," అని బేగం పరదా వెనకనుంచి చెప్పింది.

"ఏమో అమ్మా, నాకు మనసొప్పది," అన్నాడు తాత.

"పొద్దుగూకినంక రోజా ఇడిసి చూడరాదు మామా?" అని అమ్మ అంది.

"ఖజూర్ తిన్న నోటికి ఏ తీపి తెలుస్తది బిడ్డా? అండ్ల మాపటికి నీళ్ళు మారుతయ్. కలిపే యాళ్లకే చూడాలె."

మరి ఎవరు చూడాలి? దున్నపోతును తోలేవాడు ముందుకొచ్చాడు. కల్లు తాగే నాలుక పనికిరాదన్నాడు తాత. అమ్మావాళ్ళు పొగాకు నములుతారు, వాళ్ళవీ పనికిరావు. తాత చుట్టూ చూసి, గంప పక్కన కూర్చున్న నా దగ్గర ఆగాడు.

"నాలుక చాపు బేటీ."

చాపాను. ఎర్రగా, శుభ్రంగా ఉండి ఉంటుంది. "మాషా అల్లా! గిదీ నాలుకంటే. ఈ పది దినాలు నీ జబానే నా జబాను," అన్నాడు.

ఆ రోజు నేను నేల మీద నడవలేదు. అందరూ మొద్దుపిల్ల అనే నాకు ఒక హోదా వచ్చింది. తాత నాకింకో పని కూడా ఒప్పజెప్పాడు. గంపలో పది బెల్లం ముద్దలున్నాయి. రోజుకొకటి చొప్పున గోలెంలో వేసి కట్టెతో కలపాలి. పదోనాడు రుచి చూసి చెప్పాలి. దొంగ చేతికే తాళంచెవి ఇచ్చినట్టయింది, పాపం ఆయనకు తెలియదు.

మొదటిరోజు ముద్ద మొత్తం వేశాను. అది మాత్రం నిజం. రెండోరోజు చేతికంటిన బెల్లం నాకాను. మూడోరోజు తమ్ముడు చూశాడు. వాడి నోరు మూయించాలంటే ఆ నోట్లో ఏదో ఒకటి పెట్టాలి కదా, ఒక ముక్క విరిచి పెట్టాను. నాలుగోరోజునుంచి సగం గోలేనికి, సగం మాకు. హమాం గుమ్మటం వెనకవైపు కట్టెల కుప్ప చాటున కూర్చుని తినేవాళ్ళం. ఆ బెల్లంలో ఇసుక పళ్ళకింద కరకరలాడేది, చీమలు కూడా ఉండేవి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు చీమలకూ మాకూ సమంగా అందింది. అంత రుచైన బెల్లం తరువాత నేనెక్కడా తినలేదు. చివరి రెండు ముద్దలూ గోలేనికి అందనేలేదు.

పదోనాడు మధ్యాహ్నం తాత కొబ్బరిచిప్పలో నీళ్ళు ముంచి నాకందించాడు. డంగు దగ్గర చక్రం ఆగింది. అమ్మావాళ్ళు చేటలు పట్టుకొని నిలబడ్డారు. నాలుక మీద వేసుకున్నాను. వగరు. నాలుక ముడుచుకుపోయేంత, గొంతు పట్టుకునేంత వగరు. దాని వెనక ఎక్కడో మాట వరసకు కాస్త తీపి.

"ముంగట ఏం తగిలింది బేటీ?"

"తీపి, తాత."

"ఎనక?"

"వగరు."

తాత నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. బెల్లం మరక ఏమైనా ఉందేమోనని పెదాలు లోపలికి ముడుచుకున్నాను. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు, నాది ఆ రోజు అంత సులువుగా తిరిగింది.

"అయితే కలుపుండ్రి," అన్నాడు తాత.

తరువాత ఇరవై రోజులు ఆ గోడ మీద ఆయన చేసిన పని చూసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ముందు జనుపనార కలిపిన ముతక పూత. దాని మీద సన్న పూత. చివరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన. ఆ పచ్చసొనలన్నీ దేవిడీ వంటింట్లో అట్టుగా మారి మాకొచ్చేవి, మేం వారం రోజులు మహారాజుల్లా తిన్నాం. పూత ఆరీఆరకముందే తాత అరచేతిలో ఇమిడే నల్లటి నున్నని రాయి తీసుకొని గోడను మెరుగు పెట్టేవాడు. గుండ్రంగా, తొందర లేకుండా, బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరేవాడు. ఎండిన పెదాలతో ఏదో చదువుకుంటూ ఉండేవాడు. పొద్దుగూకి అజాన్ వినపడగానే రాయి కింద పెట్టి, ఒక ఖర్జూరం తన నోట్లో వేసుకునే ముందు ఇంకొకటి నా చేతిలో పెట్టేవాడు.

"తిను బేటీ. నా రోజాల సగం పుణ్యం నీ జబానుదే."

పండుగనాటికి గోడ అద్దంలా మెరిసింది. గాజుబిళ్ళల వెలుతురు అందులో కనిపించింది. బేగం కర్ర ఊతంతో వచ్చి గోడకు చెంప ఆనించి ఏడ్చింది. దేవిడీనుంచి ఇత్తడి గిన్నెతో షీర్‌ఖుర్మా వచ్చింది. అది తాగుతుంటే నాకు బాధేమీ కలగలేదు. ఆ మాట ఇప్పుడు దాచడమెందుకు. గోడ మెరుస్తోంది కదా, బెల్లం లేకపోతే మాత్రం ఏమైంది అనుకున్నాను. గిన్నె అడుగున మిగిలిన సేమియా కోసం తమ్ముడితో కొట్లాడాను కూడా.

నలభై రోజులు తలుపు మూసి, గోడకు తడిగోనెలు కట్టి, తరువాత ఆరబెట్టారు. నలభై ఒకటోనాడు పొయ్యి వెలిగించారు. తాత పొద్దున్నే తెల్ల పైజామా వేసుకొని వచ్చాడు. గంగాళంలో నీళ్ళు మసిలాయి, ఆవిరి గుమ్మటాన్ని తాకింది. మేమందరం వాకిట్లో నిలబడ్డాం. మధ్యాహ్నానికి గోడ మీద అరచేయంత పొక్కు లేచింది. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి. పొద్దుగూకేసరికి మశూచి సోకిన ముఖంలా అయింది గోడ. తాత వేలు పెట్టి నొక్కితే పెచ్చు ఊడి ఆయన పాదాల మీద పడింది.

చిన్నసాబ్ జేబురుమాలుతో మెడ తుడుచుకొని, తల ఊపి వెళ్ళిపోయాడు. బేగం పరదా వెనక వెక్కిన చప్పుడు వినిపించింది.

తాత పెచ్చు చేతిలోకి తీసుకొని వాసన చూశాడు, వేళ్ళ మధ్య నలిపాడు, నాలుక మీద కూడా పెట్టుకున్నాడు. కలిసిపోయిన సున్నంలో ఇంకేం తెలుస్తుంది. తరువాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బేటీ, ఆ దినం తీపి తగిలిందా? యాది చేసుకొని చెప్పు."

ఆయన అడిగిన తీరులో కోపం లేదు, అనుమానం కూడా లేదు. చీకట్లో తడుముకునేవాడు గోడ ఎక్కడుందని అడిగినట్టు అడిగాడు. అమ్మ అక్కడే ఉంది. అందరూ ఉన్నారు.

"తగిలింది, తాత."

ఆయన తల ఊపాడు. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "పిల్లల నాలుక అబద్ధం చెప్పది. మరి సున్నం మంచిగనే ఊరింది, నీళ్ళు మంచిగనే ఉన్నయ్. అయితే చెయ్యే పోయింది. నా చెయ్యే ముసలిదైంది," అన్నాడు.

ఇంటికి పోయే దారిలో, వరి గట్టు మీద నడుస్తూ అమ్మతో చెప్పేశాను. బెల్లం తిన్న సంగతి, అబద్ధం చెప్పిన సంగతి, అన్నీ. అమ్మ ఆగిపోయింది. కొడుతుందనుకొని భుజాలు ముడుచుకున్నాను. కొట్టలేదు. గట్టు మీద కూలబడింది.

"ఎవ్వలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. రేపటి సంది సిమెంటు పని. ఇసుక మోసేటందుకు మమ్మల్నే రమ్మన్నడు చిన్నసాబ్. నీ సంగతి తెలిస్తే నన్ను గేటు కాడికి గూడ రానియ్యడు. మీ బాపు దగ్గరికెళ్లి కబురే లేదు. మీకు గట్క యాడికెళ్లి పొయ్యాలె నేను?"

లేచి నడుస్తూ మెల్లగా అంది. "పాపం, ఆ ముసలాయన. నా నోరైనా మంచిగుంటే బాగుండు. ఈ పాడు పొగాకు." ఎనిమిదేళ్ళ బిడ్డ చేసిన పనికి మా అమ్మ తన పొగాకును తిట్టుకుంది. తరువాత కూడా మానలేదనుకోండి.

కోతలప్పుడు పోచారం కింది పొలాలకు అమ్మ వెంట పోయాను. తాత ఊరు అక్కడికి దగ్గర. మధ్యాహ్నం అమ్మావాళ్ళు సద్ది తింటుంటే, ఎవరికీ చెప్పకుండా అడుగుతూ అడుగుతూ ఆయన ఇంటికి వెళ్ళాను. తాత వాకిట్లో నులక మంచం అల్లుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేను కూర్చోలేదు, నిలబడే మొత్తం చెప్పాను. గుక్కతిప్పుకోకుండా చెప్పాను. బెల్లం నేనే తిన్నాను, తమ్ముడికి కూడా పెట్టాను, నీళ్ళు ఉత్త వగరు, తీపి తగల్లేదు, నేను అబద్ధం చెప్పాను, నీ చెయ్యి మంచిదే తాత.

తాత నులక పక్కన పెట్టాడు. నా చివరి మాట దగ్గర ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నమ్మాడనుకున్నాను.

"ఎవ్వలు చెప్పమన్నరు బేటీ నీకు? మీ అమ్మ చెప్పమన్నదా?"

"ఎవ్వలు చెప్పలే తాత. నిజంగనే నేను తిన్న."

"నా మనసు సల్లబడాలని తప్పు నీ మీద ఏసుకుంటున్నవా? పాగల్! ఇంత పెద్ద మనసు ఎక్కడిది నీకు?"

"నిజం తాత! ఒట్టు తాత! తమ్మున్ని అడుగు!"

ఏడుస్తూ ఎంత గట్టిగా చెబితే ఆయనకు అంత ముద్దొచ్చినట్టుంది. తల నిమిరాడు. "ఆ దినం నా ముంగట నిలబడి నిజం చెప్పిన జబాను. ఇయ్యాల నా కోసం అబద్ధం చెప్తున్నది. అల్లా మాఫ్ చేస్తడు తీ," అన్నాడు. లోపలికి వెళ్ళి గోనెసంచిలోంచి ఆ నల్లటి మెరుగురాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నాకు ఇంక దీంతోని పని లేదు. నా తర్ఫున ఇనాం."

ఇంకేం చెయ్యాలి నేను? అబద్ధం చెబితే నిజమని నమ్మాడు, నిజం చెబితే అబద్ధమని మురిశాడు. ఇంకో మాట నా దగ్గర లేదు. రాయి పట్టుకొని పొలానికి తిరిగొచ్చాను. అరచేతిలో అది ఆయన చేతి వెచ్చదనంతోనే ఉంది. తరువాత తాతను నేను చూడలేదు. బీర్కూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని, అక్కడ గొర్లు కాశాడని, తాపీ మళ్ళీ పట్టలేదని విన్నాను. హమాంకు తెల్ల టైల్సు వేశారు. బేగం వాటి మీద జారలేదు, అసలు అందులోకి అడుగే పెట్టలేదు. మా అమ్మ ఇసుక మోసింది. ఆ రాయి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మామిడికాయ ఊరగాయ మీద బరువుగా పెడుతుంటాను.

ఇదంతా ఇంజనీరు పిల్లకు చెప్పాను. టీ చల్లారిపోయింది. ఆమె ఫోను ఆపి, "బెల్లం ఒక్కటి తక్కువైతే గోడ గట్ల పొక్కదు అవ్వా. గోడల పాత తడి ఉండచ్చు, ఉప్పు ఉండచ్చు. మీ తప్పు కాకపోవచ్చు," అంది. మంచి పిల్ల. నాకు ఊరట ఇద్దామని చూసింది. కానీ నా బాధ గోడ గురించి కాదు. గోడను నేను చెడగొట్టానో లేదో దేవుడికి తెలుసు. ఆయన చెయ్యి పోయిందని ఆయన్ని నమ్మించింది మాత్రం నేనే.

నిన్న కారు పంపించి నన్ను హమాంకు తీసుకెళ్ళారు. గోలెం స్థానంలో నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము. మూత తీయగానే అదే వాసన వస్తుందనుకున్నాను. రాలేదు. మూడేళ్ళ కింద వచ్చిన జ్వరంతో నా ముక్కూ నాలుకా రెండూ పోయాయి. పాయసమూ పచ్చిపులుసూ నాకొకటే. కోడలు ఉప్పెక్కువైందంటేనే నాకు తెలుస్తుంది. ఈ సంగతి ఆ పిల్లకు ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తాత గోలెం ముందు మళ్ళీ నిలబడితే ఒక్కసారికైనా రుచి తిరిగొస్తుందేమోనని ఆశ.

స్టీలు గ్లాసులో డ్రమ్ము నీళ్ళిచ్చారు. పనివాళ్ళు చేతులాపి నా వైపు చూస్తున్నారు. నాలుక మీద వేసుకున్నాను. తడి. ఉత్త తడి. ఇంకోసారి వేసుకున్నాను. ఏమీ లేదు. బాగుంది, కలపండి అంటే అయిపోతుంది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. ఆ మాట పెదాల దాకా వచ్చింది.

"నాకు తెలుస్తలేదమ్మా. నా నాలుక పోయింది," అన్నాను. ఇన్నేళ్ళకు ఒక గోడ ముందు నిజం చెప్పాను, అది ఎవరికీ పనికిరాని నిజం.

ఇంజనీరు పిల్ల తాను చూస్తానంది గానీ, పొద్దున్నుంచీ కాఫీలే తాగుతోంది. మేస్త్రీలందరి దవడలోనూ గుట్కా. సున్నం జల్లించే ఆమె కూతురు డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి, బడికి సెలవేమో. పిలిచాను. ఒక చెయ్యి లంగా వెనక పెట్టుకొని వచ్చింది. ఆ చేతిలో ఏముందో నేనడగలేదు. నాలుక చాపమన్నాను. ఎర్రగా, శుభ్రంగా ఉంది. గ్లాసు అందించాను.

"ముంగట ఏం తగిలింది బిడ్డా?"

"తీపి, అవ్వా."

"ఎనక?"

"వగరు."

ఆ పిల్ల ముఖంలోకి చూశాను. చాలాసేపు చూశాను. పెదాలు లోపలికి ముడుచుకుందా, లేక నాకే అలా అనిపించిందా తెలియలేదు. తాత ఆ రోజు నన్ను అనుమానించి చూశాడని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. అనుమానం కాదది. ఆయనకు నమ్మడం తప్ప ఇంకో దారి లేదు, అందుకే అంతసేపు చూశాడు.

"అయితే కలుపుండ్రి," అన్నాను.